ఉపగ్రహం ఇచ్చే మిస్డ్ కాల్

మా నాన్న సూళ్ళూరుపేట నుంచి షార్‌కు, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి, స్టాఫ్ బస్సు నడిపి రిటైరయ్యాడు. రాకెట్లంటే ఆయనకు కొత్తేం కాదు. ఏ రాకెట్టు ఎప్పుడు లేచిందో, ఆ రోజు బస్సులు ఎంత ఆలస్యమయ్యాయో ఇప్పటికీ చెప్పగలడు. ఆయనకు అంతుపట్టనిది నా ఉద్యోగమే. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"నీ శాటిలైట్ బాగుండాదా అమ్మా?"

"బాగుందనే అనుకుంటున్నా నాన్నా."

"అనుకోవడమేంది? చూసి చెప్పు."

చూసి చెప్పే వీలుంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

కొలరాడోలో ఒక చిన్న కంపెనీలో నేను ఉపగ్రహాల ఫ్లైట్ ఆపరేషన్స్ చూస్తాను. మావి 500 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతాయి. గంటన్నర దాటి నాలుగైదు నిమిషాలకు ఒక చుట్టు, రోజుకు 15 చుట్లు. నేలమీద ఒకచోట డిష్ పెట్టుకుని కూర్చుంటే, ఉపగ్రహం ఒక దిక్కున లేచి ఇంకో దిక్కున దిగిపోయేలోపు మనకు దొరికేది మహా అయితే 10 నిమిషాలు. నడినెత్తి మీదుగా పోతే పది, పక్కగా పోతే నాలుగైదు. దాన్నే పాస్ అంటాం. మాకు సొంత డిష్ లేదు. అలాస్కాలో ఒకదాన్ని పాస్‌కు ఇంత అని అద్దెకు తీసుకుంటాం. చేతిలో డబ్బు ఆడని కంపెనీ కాబట్టి వచ్చిన పాసులన్నీ కొనం, రోజుకు నాలుగైదు కొంటాం. అంటే 24 గంటల్లో మేం దానితో మాట్లాడేది అరగంట, మరీ అయితే ముప్పావుగంట. మిగతా టైమంతా అది ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

పాస్‌కు ఐదు నిమిషాల ముందు హెడ్‌సెట్ తగిలించుకుంటాం. స్క్రీన్ మీద ఒక నల్లటి పట్టీ పైనుంచి కిందికి జారుతూ ఉంటుంది, వాటర్‌ఫాల్ అంటాం. మొదట అందులో రొద తప్ప ఏమీ ఉండదు. ఉపగ్రహం అక్కడి కొండల పైకి ఐదు డిగ్రీలు లేచేసరికి ఆ రొద మధ్యలో సన్నటి పసుపు గీత ఒకటి కనిపిస్తుంది, అదే దాని సిగ్నల్. అది నిలువుగా ఉండదు. ఉపగ్రహం మనవైపు వస్తున్నంతసేపూ కుడివైపు ఉండి, నెత్తి మీదికి వచ్చేటప్పుడు గబుక్కున ఎడమకు వాలి, దూరమవుతూ అటే సాగిపోతుంది. దగ్గరికి వచ్చేదాని ఫ్రీక్వెన్సీ పెరిగినట్టు, దూరం పోయేదాని ఫ్రీక్వెన్సీ తగ్గినట్టు అందుతుంది, అదంతా డాప్లర్ పుణ్యం. నా షిఫ్టులో ఉండే హనుమకొండ కుర్రాడు "లాక్ వచ్చిందక్కా" (సిగ్నల్ పట్టు దొరికిందని) అనగానే నా చూపు ముందు బ్యాటరీ వోల్టేజీ గడి మీదికే పోతుంది. 8 పైన ఉంటే మిగతావి నిదానంగా చూసుకోవచ్చు. తర్వాత కమాండ్లు పంపాలి, రికార్డయిన డేటా దించుకోవాలి, గడియారం సరిచేయాలి. అన్నీ అయ్యాయో లేదో తేలేలోపే గీత సన్నబడి మాయమవుతుంది.

మా మొదటి ఉపగ్రహానికి ఒక శనివారం రాత్రి పాస్‌లో అన్నీ పచ్చగా ఉన్నాయి. వోల్టేజీ 8.1. ఇళ్ళకు పోయాం. ఏడు గంటల తర్వాత కొన్న పాస్‌లో గీత కనిపిస్తుంది, మాయమవుతుంది, మళ్ళీ కనిపిస్తుంది. "లాక్ నిలబడట్లేదక్కా" అంటున్నాడు మావాడు. నిలబడిన నాలుగు క్షణాల్లో చదివిన వోల్టేజీ 6.6. ఉపగ్రహం గిరగిరా తిరిగిపోతోంది, సోలార్ పలకలు ఎండకు నిలవట్లేదు. తర్వాత లాగ్ తీసి చూస్తే, ముందు రాత్రి పాస్ ముగిసిన పావుగంటకే మెమరీలో ఒక బిట్ తారుమారై కంప్యూటర్ రీసెట్ అయింది. మిగతా రాత్రంతా అది ఆ తిరుగుడులో బ్యాటరీ తాగేస్తుంటే మేం హాయిగా నిద్రపోయాం. దాన్ని మళ్ళీ దారికి తేవడానికి పట్టిన టెన్షన్ సంగతి ఇంకో పోస్టులో రాస్తాను. ఇప్పుడు చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ పావుగంటకు ఎవరైనా మా చెవిన ఒక్క ముక్క వేసి ఉంటే, తర్వాతి చుట్టుకే ఎంతైతే అంత కట్టి పాస్ కొనేవాళ్ళం.

ఆ ముక్క చెవిన వేయడానికి నేలమీది డిష్ పనికిరాదు. ఉపగ్రహం డిష్‌కు కనబడనప్పుడు పైనున్న ఇంకో ఉపగ్రహానికి కనబడాలి, అది మనకు చేరవేయాలి. రిలే అంటే అంతే. ఆలోచన పాతదే. పాతకాలంలో అది ప్రభుత్వాల సొత్తుగా ఉండేది, ఇప్పుడు నెల బిల్లు కట్టి వాడుకునే సర్వీసుగా మారింది.

పాత కథలో మన వైపు వాళ్ళకు పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. అంతరిక్షంలో మనుషులు తిరిగిన తొలి రోజుల్లో నాసా ప్రపంచమంతా గ్రౌండ్ స్టేషన్లు పెట్టింది, సముద్రాల్లో ఓడలు నిలిపింది. అయినా ఒక చుట్టులో వ్యోమనౌకతో మాట్లాడగలిగేది 15 శాతం టైమే. అందుకని భూమితోపాటే తిరుగుతూ ఒకేచోట నిలబడ్డట్టు ఉండే భూస్థిర కక్ష్యలో, 35,786 కిలోమీటర్ల ఎత్తున, టీడీఆర్‌ఎస్ అనే రిలే ఉపగ్రహాలు నిలపాలని నిర్ణయించారు. మొదటిది 1983 ఏప్రిల్‌లో ఛాలెంజర్ షటిల్ మొదటి ప్రయాణంలో వెళ్ళింది. దాన్ని పైకి నెట్టాల్సిన రాకెట్ మధ్యలో మొరాయించి ఉపగ్రహాన్ని వంకర కక్ష్యలో వదిలేసింది. దిశ సరిచేసుకోవడానికి పెట్టిన బుల్లి థ్రస్టర్లతోనే, ఒక్కోటి అరకిలో బరువు మోయడానికి సరిపడే తోపుడుతో, కొంచెం కొంచెంగా నెట్టుకుంటూ జూన్ చివరికి దాన్ని చోటికి చేర్చారు. ఆపరేషన్స్ పని చేసేవాళ్ళకు ఇది పురాణగాథే. రెండోది 1986 జనవరి 28న అదే ఛాలెంజర్‌తో పాటు బూడిదైంది. 1988లో మూడోది చేరాకే జత కుదిరింది. అప్పుడు ఆ 15 శాతం కాస్తా 85 అయింది.

మిగిలిన 15 శాతం ఎక్కడ? మన నెత్తి మీద. రెండు రిలేలూ న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ స్టేషన్‌కు కనబడాలి కాబట్టి ఒకటి అట్లాంటిక్ మీద, ఒకటి పసిఫిక్ మీద ఉంచారు. భూగోళానికి అవతలి వైపు, ఇండియా మీద, హిందూ మహాసముద్రం మీద, ఆ రెంటికీ కనబడని పట్టీ ఒకటి మిగిలిపోయింది. దానికి నాసా పెట్టుకున్న పేరు జోన్ ఆఫ్ ఎక్స్‌క్లూజన్. షటిల్ మన ఊళ్ళ మీదుగా పోతున్న కాసేపూ హ్యూస్టన్‌లోని కంట్రోల్ రూమ్‌తో మాట కలిసేది కాదన్నమాట.

ఆ పట్టీ కాంప్టన్ అనే గామా కిరణాల టెలిస్కోప్‌ను బాగా ఏడిపించింది. 1991లో ఎగిరిన కాంప్టన్‌కు ఏడాది తిరిగేసరికి టేప్ రికార్డర్లు పాడయ్యాయి. దాచుకునే దిక్కు లేక, చూసింది చూసినట్టు అప్పటికప్పుడు రిలేకు పంపాల్సిందే. మన పట్టీలోకి వచ్చినప్పుడల్లా ఆ డేటా గాలికే. చివరికి వయసు మీద పడ్డ ఆ మొదటి టీడీఆర్‌ఎస్‌నే జరిపి 85 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబెట్టి, దాని మాట వినడానికి ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర టిడ్‌బిన్‌బిల్లాలో ఒక స్టేషన్ కట్టారు. 85 తూర్పు అంటే ఎక్కడో అనుకునేరు. మన ఇచ్ఛాపురం నుంచి నిట్టనిలువుగా దక్షిణానికి గీత గీస్తే, భూమధ్యరేఖ దగ్గర ఆ ఉపగ్రహం నిలబడ్డ చోటికి కూతవేటు దూరం. మూడు దిక్కులు తిరిగి, నానా కష్టాలు పడి, ఆఖరికి శ్రీకాకుళం జిల్లా ఎదురుగా వచ్చి కూర్చుందని చెబితే నాన్న తెగ సంబరపడ్డాడు. 1998లో గ్వామ్ ద్వీపంలో పూర్తిస్థాయి స్టేషన్ వచ్చాక ఆ పట్టీ మూసుకుపోయింది. మొదటి టీడీఆర్‌ఎస్ మాత్రం తర్వాత దక్షిణ ధ్రువంలో ఉన్నవాళ్ళకు ఫోన్ లైనుగా కూడా పనిచేసి 2009 దాకా బతికింది.

ఇప్పుడు నాసా ఆ వ్యాపారం చాలిస్తోంది. చివరి టీడీఆర్‌ఎస్ 2017 ఆగస్టులో ఎగిరింది, ఇక కొత్తవి కట్టరు. 2024 నవంబరు 8 నుంచి కొత్త మిషన్లను ఆ వ్యవస్థలోకి తీసుకోవడం మానేశారు. హబుల్, అంతరిక్ష కేంద్రం లాంటి పాత కాపులకు మాత్రం అది నడిచినంతకాలం నడుస్తుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ప్రైవేటు నెట్‌వర్కులు వాడుకోవాలి. అందుకు 2022 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలను ఎంచి, పరీక్షించి చూపించమని 27.85 కోట్ల డాలర్లు కేటాయించారు. ఇన్‌మార్‌శాట్, వయాశాట్, ఎస్ఈఎస్, టెలిశాట్, స్పేస్‌ఎక్స్, అమెజాన్ వాళ్ళ కైపర్. ఒకే రేడియోతో ప్రభుత్వ రిలేనీ, ప్రైవేటు రిలేలనీ మార్చి మార్చి పట్టుకునే పెక్స్‌ట్ అనే టెర్మినల్‌ను కూడా 2025 జూలైలో పైకి పంపారు. మనం ఊరు దాటగానే ఫోన్ రోమింగ్‌లోకి పోయినట్టు ఉపగ్రహమూ పోవాలన్నది వాళ్ళ ఆలోచన. యూరప్ వాళ్ళు ఈ దారిలో ముందే ఉన్నారు. ఎయిర్‌బస్‌తో కలిసి 2016 నుంచి ఈడీఆర్‌ఎస్ అనే రిలే నడుపుతున్నారు, భూమిని గమనించే సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు లేజర్ మీద సెకనుకు 1.8 గిగాబిట్ల దాకా పోతాయి.

జనానికి ఈ మార్పు కళ్ళారా కనిపించింది మాత్రం 2024 జూన్ 6న. స్పేస్‌ఎక్స్ వాళ్ళ స్టార్‌షిప్ నౌక నాలుగో పరీక్ష. వాతావరణంలోకి దిగుతున్న నౌక ముందు రెక్క అంచు కాలి ఊడిపోతుంటే, కెమెరా అద్దం పగిలి మసిబారుతుంటే, అంతా లైవ్‌లో వచ్చింది. దిగేటప్పుడు నౌక చుట్టూ మండే ప్లాస్మా కింది వైపు రేడియోను అడ్డుకుంటుంది. అందుకే పాత రోజుల్లో ఆ కొన్ని నిమిషాలు మాటే ఉండేది కాదు. కానీ వెనక వైపు, పైకి, ప్లాస్మా పలచగా ఉంటుంది. ఆ సందులోంచి పైనున్న ఉపగ్రహాన్ని పట్టుకుంటే చాలు. షటిల్ కూడా తర్వాతి రోజుల్లో ఇదే ఉపాయంతో టీడీఆర్‌ఎస్‌తో మాట్లాడేది. స్పేస్‌ఎక్స్ ఇంటర్నెట్ ఉపగ్రహాల నెట్‌వర్క్ స్టార్‌లింక్ చేసిన కొత్త పని, ఆ సందులోంచి వీడియో పంపడం. ఆ నౌక దిగింది కూడా హిందూ మహాసముద్రంలోనే. ఒకప్పుడు షటిల్ మూగబోయిన సముద్రం మీద నుంచి రెక్క కాలుతున్న దృశ్యం నా ఫోన్‌కు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో పొలారిస్ డాన్ అనే ప్రైవేటు అంతరిక్షయాత్ర సిబ్బంది డ్రాగన్ నౌకలో లేజర్ పెట్టి స్టార్‌లింక్ ద్వారా మాట్లాడారు, సారా గిల్లిస్ వయొలిన్ వాయించి ఆ వీడియో కిందికి పంపింది. బాగుంది, సంతోషం.

వాళ్ళు గిగాబిట్ల కోసం కొట్టుకుంటున్నారు. మాలాంటి చిన్నవాళ్ళకు కావలసింది అది కాదని నా గట్టి నమ్మకం. మా దగ్గర బస్సు సీటంత ఉపగ్రహం ఉంది, దాని మీద లేజర్ టెర్మినల్ ఎక్కడ పెడతాం? దాని కరెంటు ఎక్కడి నుంచి తెస్తాం? మా చిత్రాలు అలాస్కా పాస్‌లో నిదానంగా దిగుతాయి, తొందరేం లేదు. మాకు కావలసింది మిస్డ్ కాల్. కాలేజీ రోజుల్లో బస్టాండులో దిగి నాన్నకు ఒక రింగిచ్చి పెట్టేసేదాన్ని. మాట లేదు, ఖర్చు లేదు, కానీ విషయం మొత్తం ఆయనకు చేరేది. ఉపగ్రహమూ అంతే చేస్తే చాలు: రీసెట్ అయ్యాను, తిరుగుతున్నాను, వోల్టేజీ ఇంత.

అందుకని రెండో ఉపగ్రహంలో ఇరిడియం మోడెమ్ పెట్టాం. శాటిలైట్ ఫోన్ల నెట్‌వర్క్ అది. సముద్రంలో తేలే బోయ్‌లకు, అడవుల్లో పెట్టే కొలత పరికరాలకు వాడే 30 గ్రాముల మోడెమ్, పైన చదరపు యాంటెన్నా. ఒక సందేశంలో 340 బైట్లు పైకి పంపొచ్చు, 270 బైట్లు తిరిగి అందుకోవచ్చు. (తెలుగులో రాసి పంపితే 340 బైట్లకు 113 కోడ్లు పడతాయి, గుణింతం గుర్తుకు కూడా మూడు బైట్లే మరి. లెక్క చూసి మా కుర్రాడు "మనం ఇంగ్లీషులోనే ఏడుద్దాం అక్కా" అన్నాడు.) ఆ సందేశం మనకు చేరే తీరు ఇంకా చోద్యం: ఈమెయిల్‌కు అతికించిన ఒక చిన్న ఫైలుగా వస్తుంది. పెళ్ళి పిలుపులు, కరెంటు బిల్లులు వచ్చే ఇన్‌బాక్స్‌లోకే 500 కిలోమీటర్ల పైనుంచి బ్యాటరీ వోల్టేజీ వచ్చి పడుతుంది.

మోడెమ్ పెట్టగానే పనైపోతే ఇంకేం. నెట్‌వర్క్‌ను కట్టింది నేలమీది మనుషుల కోసం, ఆకాశంలో పరుగెత్తే మా కోసం కాదు. ఇరిడియంకు 66 ఉపగ్రహాలు, 780 కిలోమీటర్ల ఎత్తున. ఒక్కో దాని సిగ్నల్ టార్చి వెలుగులా నేల మీద 4,500 కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. ఒకదాని అంచు ఇంకోదాని మీద పడేలా లెక్కగట్టారు కాబట్టి నేలమీద ఎక్కడున్నా ఒకటి దొరుకుతుంది. మేం ఉండేది 500 కిలోమీటర్ల ఎత్తున, అంటే వాటికి కేవలం 280 కిలోమీటర్ల కింద. ఆ ఎత్తులో అదే వెలుగు వెడల్పు 1,100 కిలోమీటర్ల చుట్టుపక్కలే. నేలమీద కలిసిపోయిన వలయాల మధ్య మా ఎత్తున పెద్ద పెద్ద ఖాళీలు. భూమధ్యరేఖ దగ్గర ఆ ఖాళీలు మరీ ఎక్కువ. ధ్రువాల దగ్గర వాటి కక్ష్యలన్నీ దగ్గరకు వస్తాయి కాబట్టి అక్కడ మాకు పండగ.

ఇక డాప్లర్. నిలబడ్డ మనిషి మీదుగా ఇరిడియం ఉపగ్రహం పోతుంటే వచ్చే తేడాను ఫోన్ సర్దుకుంటుంది, దాన్ని తయారుచేసిందే అందుకు. కానీ మేం ఎదురుగా వస్తే? అటునుంచి సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు, ఇటునుంచి ఏడున్నర. 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర 80 కిలోహెర్ట్జ్ దాకా తేడా వస్తుంది. ఇరిడియం చానెళ్ళ మధ్య ఎడమే 42 లోపు. మోడెమ్ ఎక్కడో పక్క చానెల్ దగ్గర అరుస్తూ ఉంటుంది, ఎవరికీ వినబడదు. మాతోపాటు అటే పరుగెత్తే ఉపగ్రహం దొరికినప్పుడు తేడా తగ్గి మాట కలుస్తుంది. ఇవన్నీ లెక్కలో పెట్టుకుని మోడెమ్‌ను ఊరికే ఆన్‌లో ఉంచకుండా ధ్రువాలు దగ్గర పడ్డప్పుడే లేపుతాం. ప్రతి చుట్టులో రెండుసార్లు ధ్రువాల పక్కగా పోతాం కాబట్టి చాలాసార్లు గంటలోపు ఒక ముక్క వస్తుంది. రానప్పుడు రాదు. ఏడు గంటల చీకటితో పోలిస్తే ఇది స్వర్గం.

భూస్థిర కక్ష్యలో ఉన్న రిలే అయితే ఈ ఖాళీల గొడవ ఉండదు. 36 వేల కిలోమీటర్ల పైనుంచి చూస్తే నేలా మేమూ ఒకటే. ఆ దారిలో ముందుగా నడిచినవాటిలో ఒకటి మా ఊరి నుంచే ఎగిరింది. 2015 డిసెంబరు 16 సాయంత్రం 6 గంటలకు పీఎస్‌ఎల్‌వీ సీ29 ఆరు సింగపూర్ ఉపగ్రహాలను మోసుకెళ్ళింది. వాటిలో వెలాక్స్-2 అనే 13 కిలోల ఉపగ్రహంలో యాడ్‌వాల్యూ అనే సింగపూర్ కంపెనీ రిలే టెర్మినల్ ఉంది. ఇన్‌మార్‌శాట్ నెట్‌వర్క్ ద్వారా నేలమీది డిష్‌తో పని లేకుండా మాట్లాడటమే దాని పని. ఆ సాయంత్రం నాన్న డ్యూటీలోనే ఉన్నాడు. ఏం మోసుకుపోతోందో అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అక్కడా తిప్పలున్నాయి. నెట్‌వర్క్ విమానం వేగానికి సిద్ధపడి ఉంటుంది, ఉపగ్రహం వేగానికి కాదు. తన వేగం, తన చోటు జీపీఎస్ నుంచి తీసుకుని, వచ్చే తేడాను తానే లెక్కగట్టి, ముందే ఫ్రీక్వెన్సీ సరిచేసి పంపాలి. రిలే కిందికి వేసే ఒక్కో సిగ్నల్ వలయాన్ని బీమ్ అంటాం; విమానం చాలాసేపు ఉండిపోయే బీమ్‌ను ఉపగ్రహం రెండు మూడు నిమిషాల్లో దాటేస్తుంది, దాటినప్పుడల్లా కొత్త బీమ్‌కు మారాలి. ఇవన్నీ సర్దుకున్నాకే అది పనిలోకి వచ్చింది. టెర్మినల్ మా మోడెమ్ కన్నా పెద్దది, కరెంటూ ఎక్కువ తాగుతుంది. మాకు అందులో చోటు చాల్లేదు, లేకపోతే నేను దానికే ఓటేసేదాన్ని.

చట్టం సంగతి వేరే తలనొప్పి. ఫ్రీక్వెన్సీలు పంచేటప్పుడు నేల నుంచి అంతరిక్షానికి, అంతరిక్షం నుంచి నేలకు అని రాసుకున్నారు. అంతరిక్షం నుంచి అంతరిక్షానికి అన్నది చాలా చోట్ల రాయనేలేదు. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం, శాన్ హోసే యూనివర్సిటీ విద్యార్థులు కలిసి చేసిన టెక్‌ఎడ్‌శాట్ అనే బుల్లి ఉపగ్రహం 2012లో అంతరిక్ష కేంద్రం నుంచి బయటికి వచ్చింది. ఇరిడియం లాంటి నెట్‌వర్కుల ద్వారా మాట్లాడటం అది చేయాల్సిన ముఖ్యమైన ప్రయోగాల్లో ఒకటి. అమెరికా అనుమతి టైముకు రాక, ఎగరకముందే ఆ మోడెమ్‌లను పనిచేయకుండా చేసి పంపాల్సి వచ్చింది. ప్రయోగం లేని ప్రయోగం. 2023 చివర్లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశంలో కా బ్యాండ్ అనే రేడియో ఫ్రీక్వెన్సీల శ్రేణిలో కొన్ని ముక్కలను ఉపగ్రహాల మధ్య వాడుకోవచ్చని ఒప్పుకున్నారు. నేలమీద కూడా ఈ శాటిలైట్ ఫోన్లంటే కొన్ని దేశాలకు అనుమానమే. నాన్న ఒకసారి "ఆ మోడెమ్ ఒకటి తెచ్చి చూపించమ్మా" అన్నాడు. అనుమతి లేని శాటిలైట్ ఫోన్‌తో ఇండియా విమానాశ్రయాల్లో దొరికిపోయిన విదేశీయుల వార్తలు చదివినదాన్ని. ఫోటో పంపి ఊరుకున్నాను.

ఇంకొకరి నెట్‌వర్క్‌లో అద్దెకు ఉన్నామన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు. నాసా ఎంచిన ఆరుగురిలో ఇన్‌మార్‌శాట్‌ను 2023లో వయాశాట్ కొనేసింది. ఆరుగురూ ఐదుగురయ్యారు. ఇరిడియం చరిత్ర ఇంకా ఘోరం. దాదాపు 500 కోట్ల డాలర్లు పోసి కట్టిన నెట్‌వర్క్ 1999లో దివాళా తీసింది, ఉపగ్రహాలన్నిటినీ కిందికి దించి కాల్చేయాలని కూడా అనుకున్నారు. 2000 చివర్లో ఇంకొకరు రెండున్నర కోట్ల డాలర్లకు కొని బతికించారు, అమెరికా రక్షణ శాఖ గిరాకీ ఉంది కాబట్టి. సొంత డిష్ ఉంటే ఈ భయం ఉండదు. అందుకే నా మాట ఏంటంటే, కమాండ్లు, చిత్రాలు, ప్రాణం మీదికి వచ్చే ఏ పనైనా గ్రౌండ్ స్టేషన్ మీదే పెట్టుకోవాలి. రిలేను సమాచారం అందడానికే వాడుకోవాలి. మీటింగుల్లో దీనికి ఒప్పుకోని వాళ్ళున్నారు. ఆ 270 బైట్లలో కమాండ్లు కూడా పంపేస్తే అలాస్కా అద్దె సగానికి తగ్గుతుందంటారు. తగ్గుతుంది, కాదనను. ఆ మోడెమ్‌కు రోజంతా పవర్ ఇవ్వాలి, కమాండ్ ఎప్పుడు చేరుతుందో గ్యారంటీ లేదు, సగం చేరి సగం చేరకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

ప్రస్తుతానికి మూడో ఉపగ్రహానికి ఆ 340 బైట్లలో ఏం పెట్టాలన్న పంచాయతీ నడుస్తోంది. వోల్టేజీ, మోడ్, రీసెట్ కారణం, ఎంత వేగంగా తిరుగుతోంది, ఎక్కడుంది, టైమెంత. ఇంతవరకు గొడవ లేదు, 60 బైట్లలో సరిపోయింది. మిగిలిన చోటు కోసం అందరూ ఎగబడ్డారు. చిత్రాల టీమ్ వాళ్ళు ఒక బుల్లి ఫోటో పెడతామన్నారు, వద్దన్నాను. థర్మల్ వాళ్ళు 24 ఉష్ణోగ్రతలూ కావాలంటున్నారు, ఒక్కోదానికి నాలుగు బైట్లట. ఒక బైటు చాలని నేను. డిగ్రీలో వెయ్యో వంతు తెలిసి అర్ధరాత్రి నేనేం చేసుకుంటాను? మంగళవారం మీటింగులో మళ్ళీ ఇదే.